బల్బు బద్ధకం

1969 ఆగస్టు, వుడ్‌స్టాక్. జిమి హెండ్రిక్స్ గిటార్ నీళ్ళలో మునిగి తేలుతున్నట్టు ఊగుతుంది. ఆ ఊపు యూనీ-వైబ్ అనే జపాన్ పెట్టెది. షిన్-ఎయ్ కంపెనీలో ఫుమియో మియెదా డిజైన్ చేశాడు. తిరిగే లెస్లీ స్పీకర్‌కి అది నకలని చాలామంది అనుకుంటారు. మియెదా మాత్రం, రేడియో మాస్కో ప్రసారాలు దూరం నుంచి అలలలలుగా వినపడటంలోంచి తన ఆలోచన పుట్టిందన్నాడు.

పెట్టె విప్పితే మధ్యలో ఓ చిన్న బల్బు, చుట్టూ నాలుగు ఫొటోసెల్స్. బల్బు వెలుగుతూ తగ్గుతూ ఉంటే వాటి రెసిస్టెన్స్ మారి, నాలుగు దశల్లో సిగ్నల్ ఫేజు పక్కకి జరుగుతుంది. దాన్ని అసలు సిగ్నల్‌తో కలిపితే ఆ ఊపు వస్తుంది.

ఇప్పటి డిజిటల్ పెడల్స్‌లో బల్బుండదు, కోడే. నేనూ ఓ వారాంతం రాసి చూశాను. శుభ్రమైన సైన్ వేవ్ పెట్టాను. ఊగింది గానీ ఉయ్యాలలా కాదు, సీలింగ్ ఫ్యాన్‌లా. లెక్క తప్పలేదు. నేను వదిలేసింది బల్బుని. ఫిలమెంట్ వేడెక్కడానికీ చల్లారడానికీ టైమ్ పడుతుంది. ఫొటోసెల్ వెలుగుకి చటుక్కున లేస్తుంది, చీకటికి బద్ధకంగా సర్దుకుంటుంది. యూనీ-వైబ్‌ది కుంటి లయ. ఆ కుంటే మనకి నచ్చింది. సర్క్యూట్ బొమ్మ చూసి నకలు తీస్తే ఆ కుంటు రాదు, అది బొమ్మలో లేదు కాబట్టి.

ఆఫీసులో లేటెన్సీ తగ్గించడమే నా ఉద్యోగం. ఆ ఆదివారం రాత్రి మాత్రం, మిల్లీసెకండ్ తర్వాత మిల్లీసెకండ్ కావాలని పెంచుకుంటూ కూర్చున్నాను.