పావుసేరు కిస్‌మిస్‌కు ఎన్ని సోలలు?

మన ఇండ్లలో పెద్దలు వ్రాసి యుంచిన వంటల కాగితములలో పావుసేరు కిస్‌మిస్, అరవీసె ఖర్జూరము అను లెక్కలు కనబడుచుండును. వానిని చదువువారికి రెండు చిక్కులు కలుగును. ఆ సేరు తూకపు సేరా, కొలత సేరా యనునది మొదటిది. తూకమే యైనచో త్రాసు లేని వంటయింట దానిని గిన్నెతో కొలుచుట యెట్లనునది రెండవది. ఈ చిక్కులు నేటివి కావు.

కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలను, కొలతలను విచారించుటకు పౌతవాధ్యక్షుడను అధికారి చెప్పబడినాడు. అందు ద్రోణమను కొలపాత్రకు తూకమే ప్రమాణము. 200 పలముల మినుములు పట్టునది రాజాదాయమును కొలుచు ద్రోణము. వ్యవహారమున వాడు ద్రోణమునకు 187½ పలములే పట్టును. పేరొక్కటే, పాత్రలు వేరు! పన్ను చెల్లించువానికి ఆ భేదము చిన్నది కాదు. పూలు, పండ్లు, ఊక, బొగ్గు వంటి వానిని తలగొట్టక శిఖతో కొలువవలెననియు అందు కలదు. గుల్లగా నుండు వస్తువుల నడుమ గాలికి చోటు మిగులుట అందరెరిగినదే కదా.

తెలుగునాట నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. ధాన్యమును, పాలను, నూనెను వీనితో కొలిచెడివారు. బెల్లము, చింతపండు, ఖర్జూరము వంటివి పాత్రలో సమముగా అమరవు గనుక పలములతోను, వీసెలతోను తూచెడివారు. సోల పరిమాణము ప్రాంతమును బట్టి మారుచుండెడిది. 1833లో కుంపిణీ ప్రభుత్వము తులమును 180 గ్రెయినులుగా స్థిరపరచెను. 80 తులముల సేరు నేటి లెక్కకు 933 గ్రాములు. 120 తులముల వీసె సుమారు 1,400 గ్రాములు. 1956 నాటి చట్టముననుసరించి 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు ప్రవేశించి, 1962 ఏప్రిల్ నాటికి దేశమంతట తప్పనిసరి యైనవి. అంగడిలోని చిక్కు తీరినది. వంట కాగితములలోనిది మాత్రము మిగిలినది.

అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లో ప్రకటించిన వంటపుస్తకమున, తలగొట్టిన గిన్నె కొలతలనే వాడవలెనని పట్టుబట్టెను. అచటి గిన్నె సుమారు 237 మిల్లీలీటర్లు. అందు విడివిడిగా పోసిన కిస్‌మిస్ 145 గ్రాములు తూగును. అదిమి నింపినచో 165 గ్రాములు. తరిగిన ఖర్జూరము 147, ఎండు ఆప్రికాట్ బద్దలు 130 గ్రాములు. పాత్ర మారకయే, కేవలము చేతి ఒత్తిడి వలన 20 గ్రాముల భేదము వచ్చుచున్నది. కావున ఎండుపండ్లను కొలుచునపుడు పోసితిమా, అదిమితిమా యనునది చెప్పనిదే కొలత పూర్తికాదు.

ఇక మన కాగితమును విప్పుదము. ఎండుపండ్లు సాధారణముగా తూకమునకే అమ్ముడగుచుండెను గనుక, అందలి సేరును తూకపు సేరుగా గ్రహించుట మేలు. పావుసేరనగా 20 తులములు, అనగా 233 గ్రాములు. విడిగా పోసిన కిస్‌మిస్ 100 మిల్లీలీటర్లకు సుమారు 61 గ్రాములు తూగును గాన, పావుసేరుకు 380 మిల్లీలీటర్లు కావలెను.

ఇది మీ ఇంటి సోలకు ఎన్ని సోలలగును? ముందుగా ఖాళీ సోలను, పిదప దానినిండ నీటిని పోసి తూచవలెను. ఆ భేదము ఎన్ని గ్రాములో, సోల పరిమాణము అన్ని మిల్లీలీటర్లు. 380ని ఆ సంఖ్యచే భాగించినచో జవాబు వచ్చును. ఈ పని ఒక్కసారి చేసిన చాలును. సోల ఎంతదో ఎరిగిన పెద్దలుండగనే ఆ యంకెను పాత కాగితపు అంచున వ్రాసి యుంచవలెనని మా మనవి. కాగితము మిగిలినను కొలత తెలియనిచో ఆ వంట మిగులదు.