ఆర్వో పార్ట్: ఎనిమిదేళ్ల తర్వాత రెండు పేజీలు

1968లో టాలిన్‌లో ‘క్రెడో’ వినిపించాక ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్‌కి తలుపులు మూసుకుపోయాయి. క్రీస్తుపై నమ్మకాన్ని బాహాటంగా ప్రకటించిన ఆ రచన సోవియట్ అధికారులకి మింగుడుపడలేదు. అయితే ఆ తర్వాతి ఎనిమిదేళ్ల మౌనాన్ని మొత్తం నిషేధం ఖాతాలో వేస్తే నేనొప్పుకోను. అప్పటిదాకా వాడిన పన్నెండు స్వరాల పద్ధతి మీద అతనికే నమ్మకం పోయింది. 1971 నాటి మూడో సింఫనీని పక్కనపెడితే, ఎక్కువగా పాత చర్చి గానాన్ని చదువుకుంటూ గడిపాడు.

1976లో ‘ఫ్యూర్ అలీనా’ వచ్చింది. రెండే పేజీల పియానో రచన. కుడిచేతిది పాట, ఎడమచేయి మాత్రం బి మైనర్ కార్డ్‌లోని మూడు స్వరాలు దాటకూడదు. కోడ్ రాసేవాణ్ణి కదా, ఇంత చిన్న రూలా అని మొదట నవ్వొచ్చింది. విన్నాక నవ్వు ఆగిపోయింది. 1980లో అతను దేశం వదిలేశాడు, బెర్లిన్‌లో స్థిరపడ్డాడు, ప్రపంచమంతా విన్నది. నేను మాత్రం ఆ రెండు పేజీల దగ్గరే ఉన్నాను. ఒకే ఒక్క చోట ఎడమచేయి రూల్ తప్పుతుంది. స్వరలిపిలో అక్కడ పార్ట్ ఒక పువ్వు గీశాడు.