వుల్ఫ్–రాయే నక్షత్రాలు

హైడ్రోజన్ పైపొరను చాలావరకు లేదా పూర్తిగా కోల్పోయి, లోపలి హీలియం భాగం బయటపడిన భారీ నక్షత్రాలను సాధారణంగా వుల్ఫ్–రాయే నక్షత్రాలు అంటారు. 1867లో పారిస్ అబ్జర్వేటరీకి చెందిన ఛార్ల్స్ వుల్ఫ్, జార్జ్ రాయే హంస నక్షత్రమండలంలోని మూడు తారల వర్ణపటాల్లో వెడల్పాటి ఉద్గార రేఖలను గమనించారు. ఆ ఇద్దరి పేర్లే ఈ తరగతికి స్థిరపడ్డాయి.

రేఖల వెడల్పుకు కారణం నక్షత్రం నుంచి అన్ని వైపులా ఎగసిపోయే దట్టమైన పవనం. దాని వేగం చాలా తారల్లో సెకనుకు 1,000 నుంచి 3,000 కిలోమీటర్లు. ఏటా సూర్యుని ద్రవ్యరాశిలో సుమారు లక్షో వంతు, అంటే మూడు భూముల బరువుకు సమానమైన పదార్థం ఇలా వెలుపలికి పోతుంది. సౌర పవనం వల్ల సూర్యుడు కోల్పోయేది దీనిలో కోట్లవ వంతు మాత్రమే.

ఈ పవనాన్ని నడిపేది కాంతి పీడనం. ఇనుము వంటి మూలకాల అయాన్లు కొన్ని నిర్దిష్ట తరంగదైర్ఘ్యాల కాంతిని పీల్చుకుని బయటివైపు నెట్టబడతాయి. వేగం పెరిగేకొద్దీ డాప్లర్ ప్రభావం వల్ల వాటికి కొత్త తరంగదైర్ఘ్యాలు అందుతాయి. అందువల్ల తోపుడు కొనసాగుతుంది. భారమూలకాలు తక్కువగా ఉన్న మెగలానిక్ మేఘాల్లో ఇలాంటి పవనాలు బలహీనంగా ఉంటాయి. జంట నక్షత్రాల్లో తోటి తార ఆకర్షణ కూడా పైపొరను లాగేయగలదు.

వర్ణపటంలో నైట్రోజన్ రేఖలు ప్రబలంగా ఉంటే డబ్ల్యూఎన్, కార్బన్ అయితే డబ్ల్యూసీ, ఆక్సిజన్ అయితే డబ్ల్యూఓ రకంగా వర్గీకరిస్తారు. చివరికి వీటి కేంద్రకం కుప్పకూలుతుంది. కొన్ని హైడ్రోజన్ జాడలేని సూపర్‌నోవాలుగా పేలతాయని, కొన్ని నేరుగా కృష్ణబిలాలుగా మారతాయని భావిస్తారు.