బుఱ్ఱకథ: నిషేధమునుండి సన్మానమునకు

ఒకప్పుడు ప్రభుత్వమునకు కంటగింపైన పాట కాలాంతరమున ఆ ప్రభుత్వ సన్మానమునకే పాత్రమగుట చరిత్రలో అపూర్వము కాదు. ఆంధ్రదేశమున దీనికి బుఱ్ఱకథ స్పష్టమైన నిదర్శనము. ఈ పరిణామమును కొందఱు కళాకారుల లొంగుబాటుగను, కొందఱు కళావిజయముగను చెప్పుదురు. రెండును అసంపూర్ణములే. విన్నవారి వయస్సును, వేదికపై రాజకీయ వంత స్థానమును గమనించిననే గాని యీ మార్పు బోధపడదు.

బుఱ్ఱకథ పుట్టుక తిరుగుబాటులో లేదు. జంగములు తంబుర మీటుచు ఊరూర చెప్పుచు వచ్చిన కథలే దానికి మూలము. నడుమ కథకుడు, ఇరువైపుల డక్కీలతో ఇద్దఱు వంతలు నిలుతురు. ఒక వంత హాస్యము పలుకును. రెండవవాడు కథ నాపి వర్తమాన రాజకీయములను ప్రస్తావించును. తెరలతో, రంగాలంకరణములతో పనిలేదు. వశిష్ఠగోదావరిపై వంతెన లేని దినములలో, ఆవలి గట్టునుండి కోనసీమలోని దిండి వంటి గ్రామమునకు నాటకసమాజము తన సామగ్రితో చేరుట ప్రయాసము. ముగ్గురు మనుష్యులు, మూడు వాద్యములు మాత్రము ఏ పడవలోనైనను ఇముడును. ఉద్యమములకు ఈ రూపము అనుకూలపడుటకు ఇది యొక ప్రబల కారణము.

1943లో వంగదేశపు కరవు, యుద్ధకాలపు కొఱత ప్రజలను కలచుచుండగా ప్రజానాట్యమండలి ఏర్పడెను. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' కథను రచించెను. గుంటూరు మండలమున పొన్నెకల్లులో జన్మించిన షేక్ నాజర్ తన గళముతో, అభినయముతో ఈ కళకు నూతనజీవము పోసెను. కథ ప్రాచీనమైనను రాజకీయ వంత ప్రశ్న నాటి పాలకులనే తాకెను. మద్రాసు, నిజాము ప్రభుత్వములు బుఱ్ఱకథను నిషేధించుటకు కారణమిదియే.

పిదప ప్రవాహము మఱలెను. 1954లో వెలువడిన 'అగ్గిరాముడు' చలనచిత్రమున నాజర్ చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ పల్లెలకు వెండితెర మీదుగా చేరెను. 1986లో ఆయనకు పద్మశ్రీ లభించెను. 1943లో ఇరువదియేండ్ల శ్రోత నాటికి అఱువదిమూడేండ్ల వృద్ధుడు. ఆనాటి యువకులలో ఉపాధ్యాయులైనవారు, అధికారులైనవారు, శాసనసభ్యులైనవారు కలరు. వారికి బుఱ్ఱకథ భయహేతువు కాదు, తమ యౌవనస్మృతి. సన్మానించినది కళనే యైనను, అందు తమ గతమును గౌరవించుకొనుటయు కొంత కలదు.

అయితే స్థానము మాఱక రూపము మాత్రము మిగిలెనని చెప్పరాదు. కుటుంబనియంత్రణాది ప్రచారములకు ప్రభుత్వమే బుఱ్ఱకథను వినియోగించెను. రాజకీయ వంత వేదికపై నుండెను. కాని అతని ముఖము తిరిగెను. పూర్వము ప్రజల పక్షమున పాలకులను ప్రశ్నించినవాడు, ఇప్పుడు పాలకుల పక్షమున ప్రజలకు బోధించెను. అసలు మార్పు ఇక్కడ కలదు.

ఈ క్రమము మఱల సాగినది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి పాటతో ప్రసిద్ధికెక్కిన గద్దర్, 1997లో తుపాకి కాల్పులకు గుఱియై బ్రతికెను. 2023లో మరణించినప్పుడు తెలంగాణ ప్రభుత్వము అధికార లాంఛనములతో అంత్యక్రియలు జరిపెను. తదుపరి చలనచిత్ర పురస్కారములకు ఆయన పేరిడెను. ఒక తరము వినుచు ముదిరినంతట ఆ పాట ముప్పుగా కాక వారసత్వముగా కనబడును.

పరిశోధకులకు ఇందొక కర్తవ్యము కలదు. బుఱ్ఱకథల ముద్రిత ప్రతులలో కథ నిలిచినది. రాజకీయ వంత ఆనాటి ఊరినిబట్టి, సభనుబట్టి ఆశువుగా పలికిన మాటలు ప్రతులలో చేరుట అరుదు. అవి శ్రోతల చెవులలోనే యుండెను. 1943 నాటి ఆ యిరువదియేండ్ల శ్రోత నేడు జీవించియున్నచో నూఱేండ్లు దాటినవాడు. నిషేధము ఏ మాటలను మాన్పింప జూచెనో, ఆ మాటలే సన్మానకాలమున నిశ్శబ్దముగా లోపించినవి. వృద్ధుల యింట, పాత వంతల కుటుంబములలో మిగిలిన జ్ఞాపకములను సేకరింపనిచో, బుఱ్ఱకథకు మనకు దక్కునది తంబుర నాదము మాత్రమే. దానిని ప్రభుత్వములు భయపడి నిషేధించిన హేతువు దక్కదు.