నీళ్లు రాష్ట్రానివి, తీరం కేంద్రానిది. మరి మనం?
అన్నలూ, అక్కలూ, రాజ్యాంగంలో నీళ్లు రాష్ట్ర జాబితాలో 17వ అంశం. ఆ అధికారంతోనే 2002లో ఉమ్మడి రాష్ట్రం వాల్టా చట్టం తెచ్చింది. బోర్లకు, భూగర్భజలానికి అదే కట్టడి.

తీరం సంగతి వేరే. 1991 కేంద్ర నోటిఫికేషన్‌ను బట్టి, 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర నియంత్రణ ప్రాంతంలోని రొయ్యల గుంటలు తీసెయ్యమంది. తాగే బావులు ఉప్పుబారడం ఆ తీర్పులోనే ఉంది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి, రిజిస్ట్రేషన్‌తో గుంటలకు దారిచ్చింది.

అల్లూరు పక్క గుంటలకాడ కాపలా ఉండేది మన యానాదులమే, బిందెలతో మంచినీళ్లకు తిరిగేదీ మనమే. వాల్టా కింద మండల స్థాయి అథారిటీ ఉంది. రెండు చట్టాల పేర్లూ రాసి అర్జీ పెడదాం. మన అమ్మానాన్నలు వేలిముద్రలేశారు, మనం సంతకాలు పెడదాం.