‘తయారుచేసిన’ బృందం: స్పైస్ గర్ల్స్‌పై మారిన అంచనా

జనరంజక సంగీతాన్ని చరిత్రకు ఆధారంగా తీసుకున్నప్పుడు ‘తయారుచేసిన బృందం’ అనే మాట తరచుగా ఎదురవుతుంది. స్నేహితులు కలిసి పాడుకుంటూ ఎదిగిన బృందం కాదు, వ్యాపారి ఎంపిక చేసి కూర్చిన బృందం అని దాని అర్థం. 1990లలో బ్రిటన్‌లో ఈ ముద్రను మోసిన బృందాలలో ముఖ్యమైనది స్పైస్ గర్ల్స్. ఆ అయిదుగురు యువతులను ఆనాటి సంగీత విమర్శకులు చాలామంది తేలికగా కొట్టిపారేశారు. ఆ తీర్పు తరువాత చాలావరకు మారింది. ఎందుకు మారిందో ఈ భాగంలో పరిశీలిద్దాం.

ఆ మాటలో నిజం లేకపోలేదు. 1994లో బాబ్ హెర్బర్ట్, ఆయన కుమారుడు క్రిస్ హెర్బర్ట్ ‘ది స్టేజ్’ అనే రంగస్థల వారపత్రికలో ప్రకటన ఇచ్చారు. పాడగల, ఆడగల యువతులు కావాలన్నది దాని సారాంశం. దాదాపు 400 మంది వచ్చారు. ఎంపికైన వారిని మెయిడెన్‌హెడ్‌లో ఒక ఇంట్లో ఉంచి శిక్షణ ఇప్పించారు. మొదట పెట్టిన పేరు ‘టచ్’. ఒకరు మధ్యలో తప్పుకోగా ఎమ్మా బంటన్ చేరింది. అప్పుడు మార్కెట్ ‘టేక్ దట్’ వంటి మగపిల్లల బృందాలది. ఆడపిల్లల బృందం కూడా అమ్ముడుపోతుందన్నది హెర్బర్ట్‌ల లెక్క.

విమర్శకులు ఇక్కడే ఆగిపోయారు. ఆ తరువాత జరిగినది గమనించండి. హెర్బర్ట్‌లు ఇచ్చిన ఒప్పందం మీద సంతకం చేయకుండా ఆ అయిదుగురూ వాయిదా వేస్తూ వచ్చారు. 1995 మార్చిలో తమ రికార్డింగులు తీసుకుని వెళ్లిపోయారు. సైమన్ ఫుల్లర్‌ను మేనేజరుగా ఎంచుకున్నారు, వర్జిన్ రికార్డ్స్‌లో చేరారు. రిచర్డ్ స్టానార్డ్, మాట్ రో అనే రచయితలతో కూర్చుని పాటలు కట్టారు. రచయితల జాబితాలో అయిదుగురి పేర్లూ ఉన్నాయి. ‘వాన్నబీ’ని మొదటి పాటగా విడుదల చేయడానికి కంపెనీ సందేహిస్తే పట్టుబట్టి ఒప్పించారు. 1996 జులైలో వచ్చిన ఆ పాట బ్రిటన్‌లో 7 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. 1997 నవంబరులో ఫుల్లర్‌నే తొలగించారు. సరుకు తన యజమానిని పనిలోంచి తీసేసిన ఉదంతం పారిశ్రామిక చరిత్రలో మరొకటి నాకు తెలియదు!

‘తయారుచేయబడిన’ అన్నది కర్మణి ప్రయోగం. అలా రాసినప్పుడు పని చేసిన అయిదుగురూ కర్మ స్థానంలోకి వెళ్లిపోతారు. పైగా ఈ నింద అందరికీ సమానంగా పడలేదు. 1975లో సెక్స్ పిస్టల్స్ గాయకుడు జాన్ లైడన్‌ను లండన్ కింగ్స్ రోడ్‌లోని మాల్కమ్ మెక్‌లారెన్ దుకాణంలో పాడించి చూసి తీసుకున్నారు. అయినా ఆ బృందం తిరుగుబాటుకు ప్రతీకగానే చరిత్రకెక్కింది. ఆడపిల్లలు, వారి పాటలు వినే చిన్న వయసు బాలికలు అనేసరికి కొలబద్ద మారింది. 1996లో ఆ పాటలు విన్న బాలికలు పెద్దవారై, పత్రికల్లోనూ విశ్వవిద్యాలయాల్లోనూ స్వయంగా రాయడం మొదలుపెట్టాకనే ఈ తేడా చర్చకు వచ్చింది.

అయితే పొగడ్త కూడా హద్దు దాటుతోందని నా అభిప్రాయం. ‘గర్ల్ పవర్’ నినాదం వీరి సృష్టి కాదు. 1990ల మొదట్లోనే అమెరికాలోని ‘రయట్ గర్ల్’ ఉద్యమంలో ఆ మాట ఉంది. వీరి చేతికి వచ్చాక అది పెప్సీ ప్రకటనల పక్కన నిలబడింది. 1996 డిసెంబరులో ‘స్పెక్టేటర్’ పత్రికతో మాట్లాడుతూ వీరు మార్గరెట్ థాచర్‌ను తమ కోవకు చెందిన మొదటి మనిషిగా పేర్కొన్నారు. కార్మిక సంఘాలను అణచిన నాయకురాలిలో స్త్రీ శక్తిని చూడడం ఆ నినాదం ఎంత పలచబడిందో చూపుతుంది.

వీరి మారుపేర్ల సంగతీ చూడాలి. 1996లో ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ పత్రిక సంపాదకుడు పీటర్ లోరేన్ అయిదుగురికీ అయిదు పేర్లు పెట్టారు. తెల్లవారు నలుగురికి ‘బేబీ’, ‘పోష్’, ‘స్పోర్టీ’, ‘జింజర్’ వచ్చాయి. కరీబియన్ నుంచి వచ్చిన నల్లజాతి తండ్రికి పుట్టిన మెలనీ బ్రౌన్‌కు ‘స్కేరీ’, అంటే భయపెట్టేది అనే పేరు వచ్చింది. మేనేజర్లను మార్చిన ఆ అయిదుగురూ ఈ పేరును మాత్రం మార్చలేదు. బొమ్మల పెట్టెల మీద కూడా అదే అచ్చయింది.