జాతి గుణకం (మూత్రపిండాల పరీక్ష)

మూత్రపిండాల పనితీరును అంచనా వేసే ఈజీఎఫ్ఆర్ లెక్కలో, రోగి నల్లజాతీయులైతే ఫలితాన్ని పెంచి చూపేందుకు అమెరికాలో వాడిన సంఖ్య. రక్తంలోని క్రియాటినిన్, వయసు, లింగం ఆధారంగా వేసే ఈ లెక్కను ఎండీఆర్‌డీ సూత్రంలో సుమారు 1.21తో, 2009 నాటి సీకేడీ-ఈపీఐ సూత్రంలో 1.159తో హెచ్చించేవారు. నల్లజాతీయులకు కండర పరిమాణం ఎక్కువన్న భావనే దీనికి చెప్పిన ఆధారం.

ప్రభావం: అమెరికాలో కిడ్నీ మార్పిడికి నిరీక్షణ కాలం మొదలవ్వాలంటే, డయాలసిస్‌కు ముందు దశ రోగికి ఈజీఎఫ్ఆర్ 20 లేదా అంతకన్నా తక్కువ ఉండాలి. 2009 సూత్రంతో తెల్లజాతి రోగికి 19 వస్తే, అదే వయసు, అదే లింగం, అదే క్రియాటినిన్ ఉన్న నల్లజాతి రోగికి 22 వచ్చేది. మొదటివారికి జాబితాలో కాలం లెక్కకు వచ్చేది. రెండోవారు జబ్బు ఇంకా ముదిరేదాకా ఆగాల్సివచ్చేది. కిడ్నీ వైఫల్యం నల్లజాతీయుల్లోనే ఎక్కువ కావడంతో నష్టం మరింత పెరిగింది.

సవరణ: 2021లో నేషనల్ కిడ్నీ ఫౌండేషన్, అమెరికన్ సొసైటీ ఆఫ్ నెఫ్రాలజీల ఉమ్మడి బృందం జాతి ప్రస్తావన లేని సూత్రాన్ని సిఫారసు చేసింది. 2022లో అవయవ మార్పిడి విధానం ఈ గుణకాన్ని నిషేధించింది. పాత లెక్కతో నష్టపోయిన నల్లజాతి రోగుల నిరీక్షణ కాలాన్ని వెనకటి తేదీ నుంచి సరిదిద్దే ప్రక్రియ 2023 జనవరిలో మొదలైంది.